సముద్రం కరిగించలేని చెప్పు

మోటుపల్లి వీరభద్రాలయంలో ఒక శాసన స్తంభం ఉంది. కాకతి గణపతిదేవుడు శక 1166లో, అంటే క్రీ.శ. 1244-45 ప్రాంతంలో, దాన్ని వేయించాడు. చరిత్రకారులు దాన్ని అభయశాసనం అంటారు. వేటపాలేనికి దక్షిణాన చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి అప్పట్లో దేశదేశాల ఓడలు ఆగే రేవు. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు ఇక్కడ దిగేవి, ఎక్కేవి. వాటిలో కొన్నిటి మీద ఎంతెంత సుంకమో కూడా ఆ రాతి మీదే ఉంది.

శాసనంలో సుంకాల పట్టిక కంటే ముఖ్యమైన మాట ఒకటుంది. అంతకుముందు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు అన్నిటినీ బలవంతంగా తీసేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మానేశాడు. ప్రాణాన్ని పణంగా పెట్టి సముద్రం దాటేవారికి ధనం ప్రాణం కంటే ప్రియమైనదని తలచి, నిర్ణీత సుంకం పోను మిగిలిన సరుకంతా వర్తకులదేనని అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వెస్ట్‌మినిస్టర్ చట్టం చేసింది 1275లో. మునిగిన ఓడ నుంచి మనిషి గానీ కుక్క గానీ పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే ఆ సరుకు రాజుది కాదని ఆ చట్టం చెప్పింది. మోటుపల్లి రాయి అంతకంటే ముప్పయ్యేళ్లు పెద్దది.

ఆ శాసనం ఒడ్డుకు చేరిన సరుకు సంగతి తేల్చింది. అడుగుకు పోయిన సరుకును పంచుకునేది సముద్రం. ఇనుము తుప్పు పడుతుంది. నూలు బట్ట, జనపతాడు సూక్ష్మజీవుల పాలవుతాయి. ఓడ చెక్కను తొలిచే పురుగులు తినేస్తాయి. బంగారం, పింగాణీ, కుండపెంకు మిగులుతాయని ఎవరైనా ఊహించగలరు. ఒకప్పుడు జంతువు ఒంటి మీద ఉన్న చర్మం మూడు నాలుగు వందల ఏళ్లు నీటి అడుగున పడి ఉండి, వేలిముద్రంత స్పష్టంగా తన రూపం నిలుపుకుంటుందని మాత్రం ఎవరూ అనుకోరు. అయినా నిలుపుకుంది. ఎందుకు నిలిచిందో, పైకి తీశాక దాన్ని ఎలా నిలపాలో మనుషులు తెలుసుకున్న కథ ఇది. ఆ కథలో మన తంగేడు చెట్టుకు, మన తెనాలి ప్రాంతపు మనిషికి చోటుంది.

ప్లిమత్ బురదలో తోలు కట్టలు

మార్కో పోలో పదమూడో శతాబ్దం చివర్లో మోటుపల్లిని ముత్ఫిలి పేరుతో వర్ణించాడు. ఇక్కడి వజ్రాలను, సన్నని నూలు బట్టలను మెచ్చుకున్నాడు. గుజరాత్ గురించి రాసిన చోట తోలు సంగతి ఎత్తాడు. మేక, ఎద్దు, గేదె తోళ్లను అక్కడ విస్తారంగా పదును చేస్తారనీ, వాటిని నింపుకొని ఎన్నో ఓడలు అరబ్బు దేశాలకు వెళ్తాయనీ చెప్పాడు. తోలు ఆనాటికే ఓడ సరుకు. తోలు సరుకుగా లేని ఓడలో కూడా తోలు ఉండేది. నావికుడి కాలికి చెప్పో బూటో, నడుముకు పట్టీ, డబ్బు సంచి, కత్తి ఒర, నీళ్ల తిత్తి, పుస్తకం అట్ట అన్నీ తోలువే.

1786 డిసెంబరు 10న ఇంగ్లండులోని ప్లిమత్ తీరంలో మెట్టా కాథరీనా అనే ఓడ తుపానుకు మునిగింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీలోని జెనోవాకు రెయిన్‌డీర్ తోళ్లు తీసుకెళ్తోంది. నావికులు బతికారు, సరుకు అడుగుకు పోయింది. 1973లో అక్కడి డైవింగు క్లబ్బు సభ్యులు మరో పనిమీద ఆ చోట దిగినప్పుడు ఓడ గంట కనిపించింది. గంట చుట్టూ ఉన్న నల్లటి బురదలో చెయ్యి పెడితే తోలు కట్టలు తగిలాయి. కట్ట పైన ఉన్న తోళ్లు పాడయ్యాయి. లోపలివి పాడవలేదు. కడిగి, నెమ్మదిగా ఆరబెట్టి, జిడ్డు పట్టించాక వాటితో కొత్తగా సంచులు, జోళ్లు కుట్టగలిగారు. విల్లో బెరడుతో పదును చేసి, బిర్చి చెట్టు నుంచి తీసిన నూనె పట్టించిన ఆ రష్యా తోలు ఘాటైన వాసన కూడా పోలేదు.

మునిగిన ఆ ఓడ మీద హక్కు యువరాజు ఎస్టేటైన డచీ ఆఫ్ కార్న్‌వాల్‌ది. అప్పటి యువరాజు చార్లెస్ ఆ హక్కును వదులుకున్నారు. తోలు అమ్మగా వచ్చిన డబ్బుతోనే డైవర్లు అన్వేషణ కొనసాగించారు. మునిగిన సరుకు మీద పాలకుడు పట్టు సడలిస్తే అది మనుషులకు ఉపయోగపడుతుందని మోటుపల్లి చెప్పిన మాట ప్లిమత్‌లో మరో రూపంలో నిజమైంది.

అంతకుముందే స్వీడన్‌లో ఇంకో ఓడ పైకొచ్చింది. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులో మొదటి ప్రయాణంలోనే మునిగిన యుద్ధనౌక వాసాను ఆండర్స్ ఫ్రాన్జెన్ 1956లో కనిపెట్టాడు. 1961 ఏప్రిల్ 24న దాన్ని పైకి తీశారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545 జులై 19న మునిగింది. 1982 అక్టోబరు 11న పైకి వచ్చింది. వాసాలో బూట్లు దొరికాయి. మేరీ రోజ్‌లో వందలాది పాదరక్షలు, తోలు కోట్లు, ఒరలు దొరికాయి. ఆ ఓడలో ఉన్న సుమారు 500 మందిలో నలభై మందైనా బతకలేదు. పేర్లు తెలియని ఆ నావికుల గురించి మనకు తెలిసిన సంగతుల్లో చాలా భాగం వాళ్ల చెప్పుల నుంచే తెలిసింది.

చెట్టు బెరడు చేసిన పని

సముద్రం అన్ని తోళ్లనూ ఒకేలా చూడలేదు. పచ్చి తోలు మిగలలేదు. పటికతో తెల్లగా చేసిన తోలూ మిగలలేదు, ఎందుకంటే పటిక నీళ్లలో కరిగి పోగానే అది మళ్లీ పచ్చి తోలే. మిగిలింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు.

ఈ తేడా మన ఊళ్లవాళ్లకు తెలిసిందే. డప్పుకు బిగించేది పచ్చి తోలు. వెంట్రుకలు తీసి, సాగదీసి, ఎండబెట్టి కడతారు. మంట దగ్గర కాచితే బిగుస్తుంది, వానకు తడిస్తే సడలుతుంది, తడిలోనే ఉంచితే కుళ్లుతుంది. చెప్పుకు, మోట బొక్కెనకు వాడేది పదును చేసిన తోలు. మోట బొక్కెన ఏడాది పొడుగునా బావి నీళ్లలో మునిగి తేలినా కుళ్లదు. ఒకే జంతువు చర్మం రెండు రకాలుగా నడుచుకోవడానికి మధ్యలో జరిగిన పని కారణం.

ఆ పనిని మాదిగలు తరతరాలుగా చేశారు. చర్మాన్ని కడిగి సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకి, లోపలి వైపు అంటిన మాంసాన్ని చెక్కేసి, సున్నం పోయేదాకా కడుగుతారు. తరువాత లంద. తంగేడు చెక్కనో తుమ్మ చెక్కనో దంచి ఊరవేసిన నీళ్ల తొట్టె అది. మొదట పలచటి కషాయం, తరువాత చిక్కటి కషాయం. మొదటే చిక్కటిది పోస్తే తోలు పైపొర బిగుసుకుపోయి లోపలికి రసం దిగదు. కొన్ని చోట్ల తోలును సంచిలా కుట్టి, లోపల బెరడు కూరి, వేలాడదీసి, కారిన కషాయాన్ని మళ్లీ మళ్లీ పోస్తారు. చివర కరక్కాయ, ఆపైన నూనె. వారాలు పట్టే పని. ఎప్పుడు తీయాలో చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి, కోసి చూస్తే అడ్డంగా రంగు లోపలిదాకా దిగిందో లేదో కంటికి తెలియాలి.

తంగేడు పువ్వు అంటే మనకు బతుకమ్మ గుర్తుకొస్తుంది. దాని బెరడు విలువను మాత్రం మాదిగవాడ బయట ఎక్కువమంది తెలుసుకోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండనుకు వెళ్లిన ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లకు ప్రపంచంలో పేరొచ్చింది ఆ బెరడు వల్లనే. లేత పసుపు రంగు, మెత్తదనం, గట్టిదనం మూడూ తంగేడు ఇచ్చినవి. ఊరికి నీళ్లు తోడిన బొక్కెనను, ఎద్దుకు కట్టిన పగ్గాన్ని, రైతు కాలి కిర్రుచెప్పును తయారుచేసిన వాళ్లను ఊరికి దూరంగా ఉంచాం. వాళ్ల చేతి విద్యను విద్యగా లెక్కపెట్టలేదు. సముద్రం అడుగు నుంచి వచ్చిన ప్రతి తోలు ముక్కా అది ఎంత గట్టి విద్యో చెబుతోంది.

కాచు నుంచి కొల్లాజెన్ దాకా

బెరడు చర్మాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం జవాబు వెతకడం పద్దెనిమిదో శతాబ్దం చివర మొదలైంది. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1803లో ఒగరు పదార్థాల మీద, తోలు పదును మీద తన పరిశోధన ప్రచురించాడు. ఆయన పరీక్షించిన వాటిలో బొంబాయి, బెంగాలు నుంచి వచ్చిన కాచు ఒకటి. తాంబూలంలో వేసుకునే కాచే. సండ్ర చెక్కను ఉడికించి తీస్తారు. ఇంగ్లండులో వాడే ఓక్ బెరడు కంటే అందులో టానిన్ అనే ఒగరు పదార్థం ఎన్నో రెట్లు ఎక్కువని ఆయన తేల్చాడు. తాంబూలం నమిలినప్పుడు నాలుక బిగుసుకున్నట్టు అనిపించేది ఆ టానిన్ వల్లే. నోటిలోని ప్రొటీన్లను అది పట్టుకుంటుంది. లందలో చర్మాన్ని పట్టుకునేదీ అదే.

చర్మంలో టానిన్ పట్టుకునే పదార్థం కొల్లాజెన్. మన ఒంట్లోని ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు అదే. దాని నిర్మాణం చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. ఆ ముడి విప్పింది మద్రాసులో. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని చూడడానికి వచ్చిన శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ మాటల ప్రేరణతో అక్కడి శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ కొల్లాజెన్ మీద దృష్టి పెట్టారు. పరీక్షకు కావలసిన కొల్లాజెన్ పక్కనే ఉన్న కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. 1954లో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తమ నమూనాను ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మరుసటి ఏడాది దాన్ని సవరించారు. మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసుకొని ఉంటాయని, ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉండబట్టే అంత దగ్గరగా ఇమడగలిగాయని వాళ్లు చూపించారు. ప్రపంచం దాన్ని మద్రాసు హెలిక్స్ అంది.

ఇప్పుడు సముద్రం అడుగున జరిగేది అర్థమవుతుంది. బాక్టీరియా తన ఎంజైములతో కొల్లాజెన్ గొలుసులను తెంచుకొని తింటుంది. టానిన్ ఆ గొలుసుల మధ్య అనేక చోట్ల అతుక్కొని ఎంజైముకు దారి లేకుండా చేస్తుంది. నీళ్లలో వేసిన పచ్చి తోలు 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే ముడుచుకుపోతుంది. బెరడుతో పదును చేసినది 70 నుంచి 85 డిగ్రీల దాకా ఆగుతుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది మరుగుతున్న నీళ్లకూ తట్టుకుంటుంది. క్రోము పద్ధతికి 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ పేటెంటు పొందాడు. మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903లో దాని మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. అంతకుముందు మునిగిన ఓడల్లో దొరికే తోలును కాపాడింది చెట్ల బెరడే. దానికి తోడు పైన కప్పుకున్న బురద ప్రాణవాయువు అందకుండా చేసింది. టానిన్, బురద రెండూ కలిసినచోట తోలు శతాబ్దాలు దాటింది.

యలవర్రు నుంచి అడయారు దాకా

తోలును శాస్త్రంగా నిలబెట్టిన వాళ్లలో మన దేశంలో మొదట తలుచుకునే పేరు యలవర్తి నాయుడమ్మ. 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివి, మద్రాసులో తోలు సాంకేతిక విద్యలో చేరారు. తోలు పని అంటే అగ్రవర్ణాల వాళ్లు ముక్కు మూసుకునే రోజుల్లో ఆయన ఆ దారి పట్టారు. ఇంగ్లండులో శిక్షణ పొంది, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి తిరిగొచ్చారు. 1948లో మద్రాసు అడయారులో మొదలైన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. ఆ తరువాత 1977 దాకా శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) డైరెక్టర్ జనరల్.

ఆయన చేతిలో ఆ సంస్థ ప్రయోగశాల గోడలు దాటి లంద దగ్గరికి వెళ్లింది. ఊళ్లలో తోలు పదును చేసేవాళ్లకు మెరుగైన పద్ధతులు నేర్పడం, దేశంలో దొరికే బెరడులు, కాయలు ఎంత టానిన్ ఇస్తాయో కొలవడం, తోళ్లను ఎగుమతికి తగిన నాణ్యతకు తేవడం సంస్థ పనులయ్యాయి. లంద పక్కన నిలబడి తరతరాలు నేర్చిన విద్యను కొలతల్లోకి, పాఠాల్లోకి, డిగ్రీల్లోకి తేవడం వల్ల ఆ విద్యకు గౌరవం పెరిగింది. మ్యూజియంలో పాత తోలును పరీక్షించే మనిషి ఇవాళ టానిన్ రకాన్ని, ముడుచుకునే ఉష్ణోగ్రతను, పైపొర మీది రంధ్రాల అమరికను చూసేటప్పుడు వాడే జ్ఞానం ఇలాంటి తోలు ప్రయోగశాలల్లో పుట్టిందే.

ఎండబెడితే పోయేది

తోలు సముద్రంలో నిలవడం ఒక ఎత్తు. పైకి తీశాక నిలపడం ఇంకో ఎత్తు. తొలినాళ్లలో పైకి తీసిన తోలును నీడలో ఆరబెట్టేవారు. మొదటి రోజు బాగానే కనిపించేది. వారం గడిచేసరికి ఎండలో పెట్టిన వంకాయ ఒరుగులా ముడుచుకొని గట్టిపడి, చేత్తో వంచితే విరిగేది. కారణం నీళ్లే. శతాబ్దాలుగా తోలులోంచి నూనె, కొంత టానిన్ కారిపోయి ఆ ఖాళీల్లో నీళ్లు నిండి ఉంటాయి. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు వాటి తలతన్యత పక్కపక్కనున్న నార పోగులను ఒకదానివైపు ఒకటి లాగి అతికించేస్తుంది. ఆముదం, వాజిలీను, గొర్రె ఉన్ని జిడ్డు పట్టించి చూశారు. తోలు మెత్తబడింది కానీ జిగటగా మారి దుమ్ము పట్టుకునేది. ముడతలు మాత్రం విప్పుకోలేదు.

దారి చూపింది చెక్క. స్వీడన్‌లో రోల్ఫ్ మోరెన్, బెర్టిల్ సెంటర్‌వాల్ పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం నీళ్లలో కరిగి చెక్కలోకి ఇంకుతుందని, నీళ్లు పోయినా తాను అక్కడే ఉండి చెక్క కుంగకుండా ఆపుతుందని చూపించారు. వాసా మీద ఆ ద్రావణాన్ని 1962 నుంచి 1979 దాకా, పదిహేడేళ్లపాటు చల్లారు. తోలు పలచనిది కాబట్టి దానికి అదే పదార్థంలో తేలికైన రకం గానీ గ్లిసరిన్ గానీ సరిపోయాయి.

రెండో మెట్టు వైద్యం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు పంపే ప్లాస్మాను గడ్డకట్టించి, గాలి తీసేసిన పాత్రలో ఆరబెట్టేవారు. అక్కడ మంచు కరిగి నీరవకుండా నేరుగా ఆవిరవుతుంది. నీరే లేకపోతే తలతన్యత లేదు, పోగులను లాగే బలం లేదు. 1960, 70లలో మ్యూజియంలు ఈ ఫ్రీజ్ డ్రయింగ్ పద్ధతిని తడి చెక్క మీద, తోలు మీద ప్రయత్నించి కుదుర్చుకున్నాయి.

ఇప్పుడు వరస ఇది. పైకి తీసిన తోలును మంచినీళ్లలో పెట్టి ఉప్పు పోయేదాకా నీళ్లు మారుస్తారు. దీనికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఓడ మేకులు, ఫిరంగులు తుప్పు పట్టి తోలులోకి ఇంకిన ఇనుమును అమోనియం సిట్రేట్ లాంటి ద్రావణంతో కొంత వరకు లాగేస్తారు. మొత్తం లాగకూడదు, లాగితే టానిన్ కూడా కదిలిపోతుంది. పట్టించుకోకుండా వదిలినా ముప్పే. ఇనుము, బురదలోని గంధకం కలిసిన చోట గాలి తగిలాక ఆమ్లం పుడుతుంది. వాసా చెక్క మీద 2000 ప్రాంతంలో పసుపు, తెలుపు లవణాలు పైకి తేలినప్పుడు ఈ సంగతి ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది. శుభ్రం చేశాక గ్లిసరిన్ ద్రావణంలో ఉంచి, సున్నాకు 20, 30 డిగ్రీల కింద గడ్డకట్టించి, శూన్యపు పెట్టెలో ఆరబెడతారు. బయటికి వచ్చిన తోలు తేలికగా, వంగేలా, మనిషి కాలి ఆకారం పోకుండా ఉంటుంది.

అమెరికాలోని టెక్సాస్ తీరంలో 1686లో మునిగిన ఫ్రెంచి ఓడ లా బెల్ 1995లో దొరికింది. చుట్టూ ఇనుప గోడ కట్టి, నీళ్లు తోడి, 1996-97లో తవ్వారు. అది వెచ్చటి సముద్రం. అయినా మెత్తటి బురద కప్పిన చోట తోలు చెప్పులు మిగిలాయి. చలి దేశాల్లోనే తోలు నిలుస్తుందన్న మాటకు ఇది జవాబు. ఆ ఓడ చెక్క నిర్మాణాన్ని కూడా టెక్సాస్‌లో ఫ్రీజ్ డ్రయింగ్‌తోనే ఆరబెట్టారు.

కుట్టు రంధ్రాలు చెప్పే సంగతులు

ఓడల్లో దొరికే చెప్పులు తరచుగా విడిపోయిన ముక్కలుగా వస్తాయి. తోలును కాపాడిన టానిన్ నారదారాన్ని కాపాడదు. అడుగు భాగం ఒకచోట, పై భాగం ఇంకోచోట తేలుతుంది. అయితే ఆరె దిగిన ప్రతి రంధ్రం తోలులో అలాగే ఉంటుంది. రంధ్రాల దూరం కొలిచి, వాలు చూసి, ఏ ముక్క దేనికి కుట్టారో పరిశోధకులు తిరిగి చెప్పగలుగుతారు. కుట్టి తిరగేసిన జోడు ఏది, పక్కన పట్టీ వేసి అడుగు అతికించిన జోడు ఏది అన్న తేడా ఆ రంధ్రాల్లోనే ఉంది. నాటి చెప్పులు కుట్టే పద్ధతి ఎప్పుడు మారిందో ఓడలు మునిగిన తేదీలను బట్టి తెలుస్తుంది. నేల మీది తవ్వకాల్లో ఇంత ఖాయంగా తేదీ దొరకడం అరుదు.

వాడిన మనిషి గుర్తులూ ఉంటాయి. మడమ ఒకవైపు అరిగితే నడక తెలుస్తుంది. బొటనవేలి పక్క ఉబ్బును బట్టి పాదం ఎముక వంకర తెలుస్తుంది. వేళ్ల దగ్గర కత్తితో కోసి వదులు చేసుకున్న చోట నొప్పి తెలుస్తుంది. అతుకు మీద అతుకు ఉంటే ఆ నావికుడి పేదరికం తెలుస్తుంది. రాజుల చిత్రపటాలు ఎన్నో ఉన్నాయి. ఆ నావికుడికి మిగిలిన చిత్రపటం ఈ చెప్పు.

1985 వేసవి, అట్లాంటిక్

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండు తీరానికి దూరంగా అట్లాంటిక్ మీద బాంబు పేలి కూలిపోయింది. 329 మంది చనిపోయారు. కెనడా నుంచి తిరిగొస్తున్న నాయుడమ్మ వారిలో ఒకరు. దాదాపు రెండు వేల మీటర్ల లోతు నుంచి ఆ విమానపు రికార్డర్లను జులైలో రోబోతో పైకి తీశారు. అదే ఏడాది సెప్టెంబరు 1న, అదే మహాసముద్రంలో 3,800 మీటర్ల లోతున 1912లో మునిగిన టైటానిక్ కనిపించింది.

టైటానిక్ చుట్టూ ఇసుక మీద జతలుగా పడి ఉన్న బూట్లు ఆ అన్వేషకులను కదిలించాయి. అంత లోతున నీళ్లు ఎముకలనూ కరిగించేస్తాయి. మనిషి ఉన్న చోట బూట్ల జత ఒకటే మిగిలింది. తోలు సంచుల్లో ఉన్న ఉత్తరాలు, కరెన్సీ నోట్లు కూడా నిలిచాయి. సంచిని బాక్టీరియా తినలేదు కాబట్టి లోపలి కాగితం బతికింది. 2000లో పైకి తీసిన ఒక తోలు సంచిలో అత్తర్ల వ్యాపారి తీసుకెళ్తున్న చిన్న సీసాలు దొరికాయి. మూత తీస్తే వాసన వచ్చింది.

తోలు ఎందుకు నిలుస్తుందో తన జీవితమంతా పరిశోధించిన మనిషి పోయిన రెండు నెలలకు ఆ సముద్రమే ఆ శాస్త్రానికి అంత స్పష్టమైన రుజువు చూపింది. ఆయన చూసి ఉండవలసింది. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

మన తీరంలో చేయవలసినవి

నిజాంపట్నం నుంచి వాడరేవు, రామాపురం, మోటుపల్లి మీదుగా సాగే ఈ తీరానికి కృష్ణ ఒండ్రు తెస్తుంది, తుపాన్లు ఓడలను తెచ్చాయి. 1977 నవంబరు 19న తీరం దాటిన ఉప్పెన తుపాను ఎలా ఉందో ఇక్కడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వందల ఏళ్లు ఓడలు నడిచిన తీరం, పైన మెత్తటి ఒండ్రు. తోలు నిలవడానికి కావలసిన రెండింటిలో ఒకటి ప్రకృతి ఇచ్చింది, మరొకటి లంద ఇచ్చింది.

కాబట్టి వలలో ఎప్పుడైనా నల్లటి తోలు ముక్క, చెప్పు అడుగు, పట్టీ, సంచి లాంటిది వస్తే గుర్తుంచుకోవలసింది కొంచెమే. ఎండలో పెట్టకూడదు. రుద్ది కడగకూడదు. నూనె రాయకూడదు. వచ్చినప్పుడున్న తడి పోకుండా ఉప్పు నీళ్లలోనే ముంచి, మూతపెట్టి, నీడలో చల్లగా ఉంచాలి. దొరికిన చోటు ఫోనులోని మ్యాపులో గుర్తు పెట్టుకోవాలి. ఫొటో తీయాలి. పురావస్తు శాఖకు కబురు చేయాలి. వందేళ్లు దాటిన వస్తువుకు 1972 పురావస్తువుల చట్టం రక్షణ ఉంది. దాన్ని అమ్ముకోవడం తప్పు, అప్పగించడం గౌరవం.

మ్యూజియంలకు కూడా ఒక మాట. అద్దాల పెట్టెలో పెట్టిన చెప్పు పక్కన ఓడ పేరు, రాజు పేరు, మునిగిన తేదీ, బాగుచేసిన ప్రయోగశాల పేరు రాస్తారు. ఏ చెట్టు బెరడుతో ఆ తోలు పదునైందో, ఏ పనివాళ్లు ఆ పని చేసేవాళ్లో కూడా రాయాలి. ఆ చెప్పు నాలుగు వందల ఏళ్లు నిలవడానికి మొదటి కారణం వాళ్లు. ఫ్రీజ్ డ్రయింగ్ యంత్రం చేసింది చివరి పని మాత్రమే. మొదటి పని చేసినవాళ్ల విద్యను మన బడుల్లో రసాయనశాస్త్రం పాఠంగా చెప్పాలి. తంగేడు చెక్కను దంచి, కషాయం కాచి, తోలు ముక్కను అందులో ఊరవేసి పిల్లలకు చూపించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పక్కనే ఒక పచ్చి ముక్కను మామూలు నీళ్లలో ఉంచితే కొద్ది రోజుల్లో తేడా వాళ్లకే తెలుస్తుంది. ఆ తేడాను మొదట కనిపెట్టింది ఎవరో చెప్పడం గురువు బాధ్యత.